దొరవారి వేషం

చిన్న కథే, నిలబడి వినేయొచ్చు. గుమ్మడిపాలెంలో జరిగింది. ఆ ఊరి పురోహితుడు ముహూర్తానికి తప్ప అన్నిటికీ వేళకే వస్తాడు, అది వేరే సంగతి.

పగటివేషాల కోటిలింగం మూడు నెలలుగా ఊళ్లు తిరిగి, కాళ్లు వాచిపోయి అక్కడికి చేరాడు. "రేపు నా వేషం కట్టరా. నేను చేసేదే చెయ్యాలి. తేడా వచ్చిందా, నీ వేషాల పెట్టె తగలబెట్టిస్తా" అన్నాడు ఆ ఊరి దొర. ఆ పెట్టె పోతే కోటిలింగానికి కూడు లేదు.

మర్నాడు చావడి ముందు ఊరంతా చేరింది. కోటిలింగం జరీ తలపాగాతో వచ్చి, దొర పడక్కుర్చీలో వాలి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి గురక మొదలైంది.

"ఏరా, ఇదా ఆట?" దొర గర్జించాడు.

కోటిలింగం ఒక కన్ను తెరిచాడు. "ఈ వేళప్పుడు తమరు ఇంకేం చేస్తారో సెలవివ్వండి దొరా, అదే చేస్తాను."

జనం నేల చూపులు చూశారు. దొర గొంతు పెంచాడు. "తగువులు తీరుస్తాను!"

"అయితే ఒకసారి తీర్చి చూపించండి, నేర్చుకుంటాను."

జనం తమ తగువులతో ఎగబడ్డారు. దొర అరుగు మీద కూర్చోక తప్పలేదు. పదకొండేళ్లుగా ఆగిన తగువులన్నీ పొద్దుగూకేలోపు తీరిపోయాయి. పెట్టె మాట దొరకు గుర్తు రాలేదు. కోటిలింగం మాత్రం ఏమీ నేర్చుకోలేదు, చివరిదాకా నిద్రపోయాడు.