వెలిగిన చప్పుడు

ఒక ఊళ్ళో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకే గదిలో పని చేసుకునేవారు. అక్క నేల మీద చాప వేసుకుని జాకెట్లకు చేతికుట్లు వేసేది. చెల్లెలు ఎత్తైన స్టూలు మీద కూర్చుని ఊరివాళ్ళ రేడియోలు బాగుచేసేది.

అక్కకు చిన్నప్పటి జ్వరంలో వినికిడి పోయింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట తెలుసుకునేది. ఎవరైనా తలుపు తడితే తెలియదు కనుక, తలుపు కింది సందులో కాళ్ళు కనపడతాయేమోనని చూస్తూ కుట్టేది. వేళ్ళ నిండా సూదిపోట్లే. సూదిని చూసుకుంటే మనిషి వెళ్ళిపోతాడు, మనిషి కోసం చూస్తే సూది గుచ్చుకుంటుంది. రేడియోల గోలలో చెల్లెలికీ తలుపు వినపడేది కాదు. వచ్చినవాళ్ళు "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది" అనుకుని వేరే చోటికి పోయేవారు. కుట్టుపని రానురాను తగ్గిపోతోంది.

ఒకరోజు చెల్లెలు బజారు నుంచి చింతగింజంత నల్ల చిప్ తెచ్చింది. చెప్పింది చేస్తుందన్నాడు అమ్మినవాడు. బల్ల మీద పెట్టి బ్యాటరీ తగిలించింది.

"ఏం చెయ్యమంటావు?" అంది చిప్.

చెల్లెలు స్టూలు మీంచి దాని మీదికి వంగింది. ఇన్నేళ్ళలో ఏ రేడియో ఆమెను అలా అడగలేదు. ప్రతిదీ ఎవరో అనుకున్న పనిని కడుపులో పెట్టుకుని వచ్చేది. ఇది మాత్రం ఖాళీగా వచ్చింది. అనుకోవలసింది తనే.

"దీపం వెలిగించు. ఆర్పు. మళ్ళీ వెలిగించు" అంది చివరికి, మెల్లగా.

చిప్ మీద ఆవగింజంత ఎర్రదీపం వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది. తన మాట వెలుగుతోంది! అన్నం సంగతి మరిచిపోయి దాన్నే చూస్తూ కూర్చుంది.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా. చప్పుడు పట్టే చిన్న మైకు, చిప్‌కు చెవిలాంటిది, తెచ్చి తలుపుకు బిగించింది. ఆ చెవికో బ్యాటరీ, చిప్‌కో బ్యాటరీ. మధ్యన మాట మోసే తీగ ఒకటి లాగి, తలుపు చప్పుడు అందగానే దీపం వెలిగించమని చిప్‌కు చెప్పింది. తలుపు తట్టింది. దీపం వెలగలేదు.

"విన్నావా?" అని అడిగింది.

"విన్నాను, చెప్పాను" అంది చెవి.

"నాకేమీ అందలేదు" అంది చిప్.

మూడు రోజులు అదే తంతు. తీగ మార్చింది, చెవిని మార్చింది, చిప్‌ను తిట్టింది.

"ఏమైందే?" అని అడిగింది అక్క. చెల్లెలు వెనక్కి తిరగకుండానే జవాబు చెప్పింది.

"అంత ఎత్తున కూర్చుని అటు తిరిగి చెబితే నాకేం తెలుస్తుంది? కిందికి దిగి చెప్పవే."

చెల్లెలు స్టూలు దిగి చాప మీద, అక్క ఎదురుగా కూర్చుంది. "ఇద్దరూ నిజమే చెబుతున్నారక్కా. కానీ ఒకరి మాట ఇంకొకరికి..."

మాట సగంలో ఆగిపోయింది. దేని బ్యాటరీ దానిది, దేని నేల దానిది! రేడియో పనిలో గ్రౌండ్ అంటే నేలే, బ్యాటరీ మైనస్ కొన. ఇద్దరి నేలా ఒకటైతే తప్ప ఒకరి మాట ఇంకొకరికి అందదు. ఆమె దగ్గరికి వచ్చిన రేడియోలన్నిట్లో ఆ నేలను ఎవరో ముందే కలిపి పంపారు. అలా కలపాలని ఆమెకు ఎన్నడూ తోచనే లేదు.

లేచి, రెండు బ్యాటరీల మైనస్ కొనలనూ ఒక నల్లతీగతో కలిపింది. తలుపు తట్టింది. దీపం వెలిగింది.

అక్క సూది పక్కన పెట్టి లేచింది. తలుపు లోపలి వైపు తనే తట్టింది. దీపం వెలిగింది. మెల్లగా తట్టింది, గట్టిగా తట్టింది.

"ఇది నా చప్పుడేనా?" అంది. కళ్ళ నిండా నీళ్ళు.

ఆమె చెయ్యి దించేసింది. అయినా దీపం మళ్ళీ వెలిగింది. అక్క తన చేతిని చూసుకుంది, తలుపు కింది సందు వైపు చూసింది. అక్కడ రెండు కాళ్ళున్నాయి.

"ఎవరో నాకు బదులిచ్చారే!" అంది అక్క.

ఇప్పుడు చెల్లెలు చాప మీదే పనిచేస్తోంది, ఆమె స్టూలు మీద కుట్టవలసిన జాకెట్ల మూట ఉంటోంది.