కామాచారి చెక్కిన గానుగ చక్రం

ఎద్దు నడిస్తేనే బెల్లం పుట్టే రోజుల్లో, ఏరు దాటితే గానీ ఇంకో ఊరు కనిపించని రోజుల్లో, ఒక ఊళ్లో కామాచారి అనే వడ్రంగి ఉండేవాడు. ఆ ఊరికి ఒకటే చెరకు గానుగ. అది తవిటినాయుడిది. ఎద్దులు తిప్పే చక్రం ఒకటి, చెరకు నలిపే దిమ్మల్ని తిప్పే చక్రం ఇంకొకటి. రెంటి పళ్లూ ఒకదాన్నొకటి పట్టుకుంటేనే రసం.

పన్ను విరిగితే కామాచారి కొత్తది చెక్కి దిగ్గొట్టేవాడు. ఎద్దుల చక్రానికి గట్టి నల్లతుమ్మ. దిమ్మల చక్రానికి మెత్తని మామిడి చెక్క. ఎప్పుడూ అంతే.

ఒక ఏడు చెరకుతో పాటు దిమ్మల్లోకి రాయి వెళ్లింది. టప్పున మామిడి పన్ను విరిగింది. గానుగ ఆగింది.

"ఏటాచారీ, విరిగిపోనాదే?" అన్నాడు నాయుడు.

"విరగాలి బాబూ. నా పన్నైతే మళ్లీ చెక్కుతాను."

వారం తిరక్కుండా ఎవరో చెరకు గడలు ఎక్కువ కుక్కారు. టప్పున విరిగింది. గానుగ ఆగింది.

"రసం పులిసిపోతంది. దీనికీ తుమ్మ పళ్లే వెయ్యి" అన్నాడు నాయుడు.

"వెయ్యను బాబూ. రెండూ గట్టివైతే నడుమ చిక్కుకున్నది నలుగుద్ది. నా పన్నైతే మళ్లీ చెక్కుతాను."

"ఇంకోసారి విరిగిందా, ఈ కళ్లంలో అడుగెట్టకు. పొరుగూరి వడ్రంగిని పెట్టుకుంటాను."

కామాచారికి కూడు పెట్టేది ఆ గానుగే. అయినా మామిడి చెక్కే చెక్కాడు.

మూడోసారి రాయీ కాదు, గడలూ కాదు. గానుగకు చెరకు అందించే నూకాలు పైట చిక్కుకుంది. పైటతో పాటు చెయ్యీ దిమ్మల మధ్యకి వెళ్లింది. టపటపా పళ్లు విరిగాయి. ఎద్దులు నడుస్తూనే ఉన్నాయి, దిమ్మలు మాత్రం ఆగిపోయాయి.

నాయుడు తిట్టుకుంటూ వచ్చాడు. నూకాలు చెయ్యి చూపించింది. రెండు గోళ్లు ఊడాయి, రక్తం కారుతోంది.

"వేళ్లు అయిదూ ఉన్నాయి, నాయుడుబావు" అంది.

నాయుడు తనే భుజాన మామిడి దుంగ మోసుకొచ్చాడు.

"ఇది సరిపోద్దా, ఆచారీ?"

కామాచారి దుంగను గోటితో నొక్కి చూశాడు. "ఇంకొంచెం మెత్తనిది కావాలి బాబూ" అన్నాడు. ముందుగా నవ్వింది నూకాలే.

కామాచారి పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఇనుప గానుగలొచ్చాయి, ఇంజన్లొచ్చాయి. అయినా ఆ ఊళ్లో గానుగ ఆగిపోతే ఎవరూ చక్రం వైపు చూడరు, రసం వైపు చూడరు. "కామాచారి ఆపేడర్రా" అంటారు. అక్కడున్న వాళ్లంతా, నాయుళ్లయినా కూలోళ్లయినా, రెండు చేతులూ పైకెత్తి చూపిస్తారు. అన్ని చేతులూ కనబడ్డాకే మరమ్మతు మొదలు.