తాతను గోడ మీది నుంచి దించిన వైనం

చెప్పింది చెప్పినట్టు చేయడమే తెలివి అని అసిరినాయుడి నమ్మకం. ఆ లెక్కన ఊళ్ళో తెలివైన ఇల్లు తమదొక్కటేనని అతనికి గొప్ప. తమ్ముడు తవుడుకి అన్న మాటే వేదం.

వాళ్ళ తాత సన్యాసినాయుడు మలేరియా ఆఫీసులో పనిచేస్తూ ఊరూరా గోడల మీద బొమ్మలు చూపించేవాడు. ఆ స్లైడు ప్రొజెక్టరు అటక మీద బూజు పట్టి ఉంది. దానితోపాటు అట్ట చట్రాల్లో బిగించిన చిన్న చిన్న ఫిలిం ముక్కలు, అవే స్లైడులు, చాలావాటిలో దోమలు. వాటిలో ఒకదానిలో తాత ఉన్నాడు. ఆయనకు వేరే ఫొటో లేదు.

తన తండ్రైన ఆ తాత పోయినప్పుడు బాలింతగా ఉండి కడచూపుకు రాలేకపోయిన మేనత్త బంగారమ్మ, ఆయన్ను బొమ్మలోనైనా చూడటానికి వస్తానని కబురు పెట్టింది. అన్నదమ్ములు ప్రొజెక్టరు దులిపి పట్నంలో బాగుచేయించారు. మెకానిక్కు రెండే మాటలు చెప్పాడు. బల్బు వేడెక్కనివ్వకండి, స్లైడు తలకిందులుగా పెట్టండి.

అత్త రానే వచ్చింది. "సాయంత్రం బస్సుకి ఎల్లిపోవాల. మా నాయిన మొకం ఒక్కపాలి సూపించండిరా" అంది.

ఇంకేముంది, తలుపులు మూసి చీకట్లో కూర్చున్నారు. ఎంతకీ బొమ్మ రాదు. బల్బు ఎందుకు వెయ్యలేదని అత్త అడిగితే, వేస్తే వేడెక్కదా అని తవుడు ఆమెకే బుద్ధి చెప్పాడు. అత్త లేచి తానే స్విచ్చి నొక్కింది.

గోడ మీద దున్నపోతంత దోమ. అంతే, అసిరినాయుడు రోకలి అందుకున్నాడు. గోడ పెచ్చులూడింది గాని దోమ చావలేదు. పట్టుకుందామని తవుడు అడ్డం వెళ్తే అది అతని చొక్కా మీద వాలింది.

"కదలకురా, నెత్తురు తాగేస్తాది" అంటూ అసిరినాయుడు అతని వీపు మీద ఒక్కటి వేశాడు.

తర్వాత తాత వంతు. దోమనైతే తలకిందులు చేశాం గాని సొంత తాతను చేస్తామా అని అసిరినాయుడు స్లైడు నిటారుగా పెట్టాడు. ప్రొజెక్టరు అద్దం దాన్ని తిరగేసింది, గోడ మీద తాత కాళ్ళు పైకి, మీసం కిందికి. తిప్పమని అత్త ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ఆమెనే మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల అంచు కిందికి వేలాడేలా సర్దారు.

అత్త చూసింది. చాలాసేపు చూసింది. కన్నీళ్ళు నుదుటి మీదికి జారాయి.

"మా నాయినేరా. ఈయన్ని నాకిచ్చేయండి, మా ఊరు పట్టుకుపోతాను."

పెద్దావిడ నోరు తెరిచి అడిగాక కాదనకూడదు. అసిరినాయుడు గునపం తెచ్చి తాత చుట్టూ మట్టిగోడ తవ్వి, ఆ ముక్కను జాగ్రత్తగా దించాడు. ముక్కలో తాత లేడు. కన్నంలోంచి చూస్తే అవతల వంటగది గోడ మీద ఉన్నాడు, ఇంకాస్త లావయ్యి.

"ఆకలేసి వంటింట్లోకి దూరాడన్నా" అన్నాడు తవుడు.

ఆ చిన్న ఫిలిం ముక్క చాలురా అని అత్త మొత్తుకుంటోంది. ఆడపడుచును అంత చిన్న ముక్కతో పంపితే ఇంటి పరువేం కావాలి? బస్సు వేళ కూడా అవుతోంది. గునపం వంటగది గోడలోకి దిగింది. దూలం ఆనుకున్నది ఆ గోడ మీదే. దూలం ఒరిగింది, తాటాకు కప్పంతా పెరట్లోకి జారిపోయింది. ఎండ లోపలికి వచ్చి పడింది. తాత మాయం.

అన్నదమ్ములు మిగిలిన గోడంతా తడిమి చూశారు. చివరికి అసిరినాయుడు ఆకాశంకేసి చేతులు జోడించాడు.

"సొర్గానికి ఎల్లిపోయాడత్తా. ఇన్నాళ్ళూ మన కప్పే అడ్డం."

తవుడు గునపం భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు. పాపం ఎదురింటి ముసలాయన కూడా నిరుడే పోయాడు, వాళ్ళ కప్పు ఇంకా అలాగే ఉంది.