తీగ మొదలు

బయ్యన్న తాతను ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పేవాడు కాదు. చేతికి ఒక పని ఇచ్చి పంపేవాడు. నల్లమలలోని ఆ చెంచుగూడెంలో అడవి విద్య కావాలంటే ఆయన దగ్గరే నేర్చుకోవాలి కాబట్టి, విసుక్కున్నవాళ్లు కూడా చివరికి వెళ్లి ఆ పని చేసుకొచ్చేవాళ్లు.

ఆయన శిష్యుడు ఈదన్నకు పెళ్లీడు వచ్చింది. పిల్లనిస్తానన్న నాగన్న మాత్రం, "అడవిలో ఒంటిగా బతికి వచ్చినోడికే నా బిడ్డ" అని తెగేసి చెప్పాడు. ఈదన్నకు ఒళ్లు మండింది. "తాతా, నేను పెద్దోణ్ణి అయినానని వీళ్లు ఎప్పుడు ఒప్పుకుంటారు?" అని అడిగాడు. తాత తవ్వుకోల చేతికిచ్చి, "కొండ అవతల మీ మేనత్త గూడేనికి పోయి రా. తిండి మోసుకుపోవద్దు" అన్నాడు.

పోయేటప్పుడు ఈదన్న కాలు నేల మీద నిలవలేదు. ఆకలేసిన చోట గడ్డ తవ్వాడు, తీగ మొదలుతో సహా కాల్చుకు తిన్నాడు, గుంతను అలాగే వదిలేసి నడిచాడు. గడ్డ తిన్నవాడు తీగ మొదలును కాస్త గడ్డతో మళ్లీ పాతి మట్టి కప్పాలన్నది తాత నేర్పిన మొదటి పాఠం. చూసేవాళ్లు లేనప్పుడు పాఠాలు ఎవరికి గుర్తుంటాయి?

తిరుగుదారిలో వాన పట్టుకుంది. వాగు పొంగి దారి మూసేసింది. పండు లేదు, వేట లేదు. ఈదన్న ఆకులు నమిలి కక్కుకున్నాడు, చచ్చిపోతానని నిజంగానే భయపడి ఏడ్చాడు. చివరికి ఒక బండ పక్కన తీగ కనిపించింది. తవ్వితే, గడ్డ పైభాగాన పాత గాటు ఉంది. ఎవరో ఎన్నడో తిన్నంత తిని, తీగ మొదలు మట్టిలో పెట్టి పోయారు. ఆ మనిషి ఎవరో తెలియదు గానీ, ఈదన్నకు వాళ్ల కాళ్లు మొక్కాలనిపించింది. పచ్చిగడ్డే తిన్నాడు. మొదలు పాతి, మట్టి కప్పి, కాలితో అదిమాడు. మొలక ఉన్న ముక్క ఒకటి మాత్రం తినకుండా తువ్వాలులో మూట కట్టుకున్నాడు.

చుట్టుదారిన గూడెం చేరగానే ఆడవాళ్లు గంజి పోశారు. నాగన్న మనసు మెత్తబడి, పెళ్లి మాటలు పొద్దున మాట్లాడుకుందామన్నాడు. పొద్దున వచ్చి చూస్తే ఈదన్న లేడు. తవ్వుకోల లేదు, తువ్వాలు మూటా లేదు.

"యాడికి పోయినాడు? పెళ్లంటే భయపడి పారిపోయినాడా?" అని నాగన్న తాత మీద మండిపడ్డాడు.

బయ్యన్న తాత కొండ వైపు చూశాడు.

"పోయేటప్పుడు గుంత ఒకటి తెరిచిపెట్టినాడంట, పూడ్చను పోయినాడు. నువ్వు పెళ్లికి దినం చూడు నాగన్నా."