మొదట పొడిచిన కోడి

ఒకానొక రాజ్యాన్ని విజయభద్రుడనే రాజుగారు ఏలేవారు. ఆయనకి కోడిగుడ్లంటే ఎంత ఇష్టమో, గొప్పలంటే అంతకు రెట్టింపు ఇష్టం. పెరట్లో మట్టి గీరుకుంటూ తిరిగే మూడువందల పెట్టలకి ఓ మేడ కట్టించారు. గోడల నిండా అద్దాలు, పగలూ రాత్రీ దీపాలు. పెట్టలకి అద్దాలెందుకో, ఆయనకే తెలియాలి.

నెల తిరక్కుండానే అవి ఒకదాన్నొకటి పొడుచుకోసాగాయి. ఈక ఊడి నెత్తుటిచుక్క కనిపిస్తే చాలు, మిగతావన్నీ దానిమీద పడి పీక్కుతినేవి. కోళ్లని కాచే పైడమ్మ గాయాలకి పసుపు రాసి, దెబ్బతిన్నదాన్ని విడిగా గంపకింద మూసేది. చివరికి గంపలు చాల్లేదు.

రాజుగారికి కోపమొచ్చింది. మొదట పొడిచిన కోడిని కూర వండమన్నారు. అదేదో తేలకపోతే, తెల్లారి అన్నిటినీ వంటశాలకి పంపమన్నారు. వాటిని పిల్లలప్పటి నుంచి నూకలు పెట్టి పెంచిన పైడమ్మ రాజుగారి ముందుకొచ్చింది.

"తప్పు కోళ్లది కాదేమో బాబూ, ఇంటిదేమో," అంది మెల్లగా.

"మా మేడకి లోటా? అందులో మేమైనా ఉండగలం."

"అయితే ఒక్కపూట ఉండి చూపించండి. ఆ తర్వాత నేనే కత్తి నూరుకుంటాను."

రాజుగారు వెనక్కి తగ్గుతారా? కోళ్లని పెరట్లోకి తోలించి, సభ మొత్తాన్నీ వెంటబెట్టుకుని లోపల కూర్చున్నారు. తాంబూలం లేదు, చదరంగం లేదు, కాలు చాపే చోటు లేదు. ఎటు చూసినా అద్దాల్లో అవే మొహాలు.

జాము గడిచిందో లేదో, మంత్రి సోమనార్యుడి తలపాగాలో ఊడిన పోగొకటి రాజుగారి కంటబడింది. ఊరుకోలేక లాగారు. పక్కాయనా లాగాడు. ఇంకేముంది, అందరూ లాగేవాళ్లే. తలపాగా పీలికలయ్యింది. మంత్రి వెళ్లి సేనాపతి మీసం పట్టుకున్నాడు.

పైడమ్మ తలుపు తీసేసరికి ఒక్కరి ఒంటిమీదా కండువా సరిగా లేదు. ఆమె చేతులు కట్టుకుని అడిగింది.

"బాబూ, మొదట పొడిచిందెవరో సెలవిస్తే, మసాలా నూరుకుంటాను."

అందరూ రాజుగారివైపు చూశారు. ఆ దారప్పోగు ఇంకా ఆయన వేళ్లకే చుట్టుకుని ఉంది. ఆయన తెల్లబోయి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఆ కోడి బాగా ముదిరిపోయింది పైడమ్మా, ఎంత వండినా ఉడకదు. వదిలెయ్."

పెరడంతా కోళ్లకి, పట్టుచీర పైడమ్మకి ఇప్పించారు. ఆమె మాత్రం ముందుగా మంత్రిగారి గీరుకుపోయిన చెవికి పసుపు రాసి, కాసేపు విడిగా కూర్చోమంది.