పోపు కాలికి మెట్టె

పొర ఊడొచ్చినప్పుడు నాకేం తప్పనిపించలేదు. సంతోషమే వేసింది. ట్వీజర్స్‌ని లైటు దగ్గర పెట్టి చూశా. ఆ తెల్లటి పొర చివర ఆవగింజంత నల్లగా ఏదో ఉంది. దానికి ఒక గోరుంది.

ట్వీజర్స్ పక్కన పడేసి డబ్బాలోకి వంగి చూశా.

పోపు చప్పుడు కూడా చెయ్యలేదు. డబ్బా మూలకి పోయి, కాలు కొంచెం పైకెత్తి పెట్టుకుని నిలబడింది.

పోపు అంటే నేను పెంచుకుంటున్న లెపర్డ్ గెకో. పసుప్పచ్చ ఒంటి మీద వేగిన ఆవాలు చల్లినట్టు చుక్కలుంటాయని ఆ పేరు పెట్టా. మా అమ్మకి మాత్రం అది బల్లే. "మీద పడితే తలస్నానం చెయ్యాలా, దీనికేమన్నా మినహాయింపుందా?" అంటుంది. నా హాస్టల్ రూమ్మేట్ ఫర్హీన్ పై చదువుకి వెళ్తూ దీన్ని నా చేతిలో పెట్టింది. "పశువుల డాక్టరువైపోయావు కదే, నీకంటే బాగా ఎవరు చూస్తారు?" అంది.

ఆ మాట నాకు బాగా తలకెక్కింది.

గెకోలు కూడా పాముల్లాగే కుబుసం విడుస్తాయి. ఈసారి పోపు ఒంటి మీదది అంతా విడిచింది, అలవాటు ప్రకారం తినేసింది కూడా. కాలివేళ్ళ దగ్గర మాత్రం పొర రాలేదు. ఎండిపోయి, ఉంగరాల్లా బిగుసుకుంది. అలా వదిలేస్తే రక్తం ఆడక వేలు చచ్చిపోతుందని నాకు తెలుసు. తెలుసు కాబట్టే పట్టుకుని లాగేశా.

చదువయ్యాక నేను అనంతపురంలో డాక్టర్ గిరిజాబాయి గారి క్లినిక్‌లో పని నేర్చుకుంటున్నా. కుక్కలూ పిల్లులే కాదు, చిలకలకీ తాబేళ్ళకీ కూడా మందిస్తారు ఆవిడ. డబ్బాతో సహా పోపుని తీసుకుని అక్కడికే పరిగెత్తా.

"వేలు పోయింది మేడమ్."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూశారు. "పోయిన చోట మానుతుందిలే. మిగిలినవి చూద్దాం."

అదే కాలికి మిగిలిన నాలుగు వేళ్ళకీ ఉంగరాలున్నాయి.

"దీని తడి డబ్బా ఏది పాపా?"

ఫర్హీన్ ఇచ్చినప్పుడు పోపు ఉండే డబ్బా లోపల ఇంకో చిన్న డబ్బా ఉండేది. అందులో తడి నాచు. పోపు దూరి పడుకునేది.

"తీసేశాను మేడమ్. ఎడారి జంతువు కదా, తేమ పడదని."

"ఎడారిలో బండ కింద చెయ్యి పెట్టి చూసినావా ఎప్పుడన్నా?"



ఆవిడ గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, చిల్లుల మూతున్న ఒక డబ్బాలో పరిచారు. పోపుని అందులో వదిలి మూత పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అంతే. ఇంకేం చెయ్యట్లేదు.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. డబ్బా పక్కన నిలబడ్డా. ఒక్కో నిమిషానికీ ఒక్కో వేలు నల్లబడిపోతున్నట్టే ఉంది.

"మేడమ్, మన దగ్గర సన్నటి ట్వీజర్స్ ఉన్నాయి కదా. నాకు సరిగ్గా పట్టుకోవడం రాలేదు. మీరైతే చిటికెలో తీసేస్తారు."

ఆవిడ వంగి, కుడికాలి బూటు లేసు విప్పారు.

ఎర్రటి ఎండల్లో కూడా ఆవిడ బూట్లే వేసుకుంటారు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. బూటు విప్పారు, మేజోడు తీశారు, కాలు ఎదురుగా ఉన్న స్టూలు మీద పెట్టారు.

బొటనవేలు పక్కనున్న వేలు ఒంకరగా ఉంది. గోరు లేదు. మెట్టె ఉండాల్సిన చోట చుట్టూ గాడి పడి, చర్మం నున్నగా మెరుస్తోంది.

"మా ఆయన పోయిన పదో రోజు," అన్నారు. "కింద కూర్చుని కూర్చుని కాళ్ళు వాచిపోయినాయి. మెట్టె రాలేదు. వేన్నీళ్ళు తెమ్మన్నా. టైము దాటిపోతాదన్నారు."

"లాగేశారా మేడమ్?"

"అందరూ మంచోళ్ళే పాపా. నా మంచికే లాగినారు."

మేజోడు మళ్ళీ తొడుక్కున్నారు. బూటు లేసు నిదానంగా కట్టుకున్నారు. బయట ఎవరిదో కుక్క గొలుసు లాగుతున్న చప్పుడు. నేను వెళ్ళి కుర్చీలో కూర్చున్నా. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒళ్ళో పెట్టుకున్నా.

చాలాసేపటికి మూత తీశారు. తడిపిన దూది పుల్లతో వేలి మొదలు నుంచి చివరికి, దుమ్ము తుడిచినట్టు, ఒత్తకుండా దొర్లించారు. ఒక ఉంగరం మెత్తబడి జారిపోయింది. ఇంకోటి. ఇంకోటి. పోపు ఆవిడ అరచేతిలో కళ్ళు సగం మూసుకుని పడుంది.

చివరి వేలు దగ్గర దూది ఆగింది. ఇంకోసారి దొర్లించి చూసి, పుల్ల పక్కన పెట్టేశారు.

"ఇది ఈ పొద్దు రాదు. రేపు మళ్ళీ తడిగుడ్డలో పెట్టి, ఇట్లే చెయ్యి."

"రేపొస్తుందా మేడమ్?"

"దాన్నే అడుగు."

"మీ దగ్గరే ఉంచుకోండి మేడమ్. నా చెయ్యి చూస్తే పారిపోతోంది. మీ చేతిలో ఎంత బాగా ఉందో చూశారా."

ఆవిడ పోపుని మెల్లగా దాని డబ్బాలోకి దించారు. డబ్బా నా చేతుల్లో పెట్టారు.

"నీ చెయ్యంటే దానికున్న భయం, నా దగ్గరుంటే పోదు పాపా."

ఇది నిన్నటి మాట.

తడి నాచు డబ్బా మళ్ళీ పెట్టా. పోపు వెంటనే అందులో దూరింది. ఇవాళ సాయంత్రం తడిగుడ్డలో పెడదామని తియ్యబోతే తోక పైకెత్తి, మెల్లగా అటూ ఇటూ ఊపింది. దగ్గరికి రావద్దని అర్థం. ఇంకా భయపెడితే తోక వదిలేస్తుంది. తోకైతే మళ్ళీ మొలుస్తుంది, పాతదానిలా ఉండదు కానీ. వేలు మొలవదు.

అమ్మ వచ్చి వెనకాల నిలబడింది. "ఏమయిందే బల్లికి?" అంది. చెప్పా. మేడమ్ కాలి సంగతి కూడా చెప్పా. అమ్మ నేల మీద కూర్చుని, తన మెట్టెని వేలి చుట్టూ ఒకసారి తిప్పి చూసుకుంది. తర్వాత లోపలికెళ్ళి గ్లాసుతో వేన్నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టింది.

ఆ నీళ్ళలో చెయ్యి ముంచి, తుడుచుకోకుండా అరచెయ్యి పైకి పెట్టి డబ్బాలో ఉంచా. అప్పట్నుంచి అలాగే ఉంది. ఇదంతా ఎడమ చేత్తో టైప్ చేస్తున్నా, తప్పులుంటే ఏమనుకోకండి.

పోపు నాచులోంచి తల బయటపెట్టి నా వేళ్ళనే చూస్తోంది. ఉంగరం ఉన్న కాలు కనిపిస్తోంది. పొద్దున ఆ వేలి చివర గులాబీ రంగులో ఉండింది. ఇప్పుడు అలా లేదు.

పట్టుకుంటే తోక వదిలేస్తుందేమో. పట్టుకోకపోతే వేలు పోతుందేమో.

మీలో ఎవరైనా వీటిని పెంచుతుంటే చెప్పండి. పట్టేసుకోనా? లేక, చెయ్యి ఇలాగే ఇంకాసేపు ఉంచనా?