రెక్కలమ్మ, తాటి లొట్టి

అనగనగా, అడవి అయిపోయి ఊరు మొదలయ్యే చోట ఒక మద్దిచెట్టు ఉండేది. దాని నిండా గబ్బిలాలే! వాటిలో రెక్కలమ్మ అనే తల్లి గబ్బిలం ఒకటి. దాని పొట్టను కరుచుకుని ఒక బుల్లి కూన. ఆ కూనకు ఇంకా ఎగరడం రాదు.

రెక్కలమ్మకు ఏ లోటూ లేదు. పగలంతా తలకిందులుగా నిద్ర. చీకటి పడితే జామపళ్ళు, అత్తిపళ్ళు. చివర్లో తాటిచెట్టు మీద వాలి, గీత పనిచేసే సాయిలు కట్టిన లొట్టిలో మూతి పెట్టేది. లొట్టి అంటే తాటిచెట్టును గీస్తే కారే తియ్యటి నీరా పట్టే కుండ. అబ్బ, ఆ నీరా ముందు జామపండు దిగదుడుపే!

ఒకసారి ఊళ్ళో పిల్లలకు జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరం కాదర్రా, కళ్ళు తెరవనివ్వని మత్తు జ్వరం. సాయిలు కూతురు రవళి కూడా మంచం పట్టింది. "పంది తెచ్చింది" అన్నారు కొందరు. "కాదు, కోతి" అన్నారు ఇంకొందరు. "గబ్బిలాలే! చెట్టు నరికేస్తా!" అంటూ సాయిలు గొడ్డలి పట్టుకొచ్చాడు. పాపం, కూతురి మీద బెంగతో అతనికి ఏమీ తోచడం లేదు.

వైద్యం చేయడానికి వచ్చిన డాక్టరమ్మ అడ్డం నిలబడింది. "ఎవరో తేలకుండా ఎందుకయ్యా నరకడం? అందరూ కాస్త ఉమ్మి ఇవ్వండి, చూస్తాను" అంది.

పంది గుర్రుగుర్రుమంటూ ఇచ్చింది. కోతి వెక్కిరిస్తూ నాలుక చాచింది. ముసలి గబ్బిలం మాత్రం, "ఇవ్వకండర్రా! మన గొయ్యి మనమే తవ్వుకున్నట్టు అవుతుంది" అంది.

"ఉమ్మిలో ఏం తెలుస్తుంది డాక్టరమ్మా?" అని రెక్కలమ్మ అడిగింది.

"పసిబిడ్డను చూసి, ముక్కు అమ్మమ్మది, గడ్డం నాన్నది అనుకుంటాం కదా తల్లీ? జ్వరం తెచ్చే పురుగు కంటికి కనబడదు గానీ, దానికీ పోలికలుంటాయి. పిల్లల ఒంట్లో ఉన్న పురుగు పోలిక ఎవరి దగ్గర దొరికితే, అది అక్కణ్ణుంచే వచ్చినట్టు."

"మా దగ్గరే దొరికితే?"

"వచ్చిన దారి వెతికి మూసేస్తాను. చెట్టు జోలికి ఎవరినీ రానివ్వను."

రెక్కలమ్మకు భయమేసింది. చెట్టు కూలితే తన కూన బతకదు. కానీ కింద సాయిలు కళ్ళు తుడుచుకుంటున్నాడు. అతనిదీ ఒక కూనే కదా! రెక్కలమ్మ నోరు తెరిచింది. డాక్టరమ్మ దూదిపుల్లతో ఉమ్మి తీసి, పరీక్షకు పట్నం పంపింది.

కబురు వచ్చింది. పోలిక గబ్బిలాలదే! సాయిలు గొడ్డలి ఎత్తాడు. రెక్కలమ్మ కూనను రెక్కలో దాచుకుంది. అయినా ఉన్నదున్నట్టు చెప్పేసింది. "సాయిలన్నా, నీ లొట్టిలో రోజూ మూతి పెట్టేది నేనే. ఆ నీరా నీ బిడ్డ తాగిందేమో!"

సాయిలు చెయ్యి కిందికి దిగింది. "రోజూ పొద్దున్నే రవళికీ, ఊళ్ళో పిల్లలకూ నేనే తాగించాను" అన్నాడు ఏడుస్తూ.

"ఇదే ఆ దారి. లొట్లకు మూతలు కట్టు" అంది డాక్టరమ్మ.

సాయిలు వెదురు నరికి, తడికలు అల్లి, ప్రతి లొట్టికీ కట్టాడు. కొత్తగా ఎవరికీ జ్వరం రాలేదు. రవళి మెల్లగా లేచి కూర్చుంది. గంజి వద్దు, బెల్లం కావాలని పేచీ పెట్టింది. ఆ పేచీ విని సాయిలు మురిసిపోయాడు.

మరి నీరా పోయిందని రెక్కలమ్మ మూతి ముడుచుకోలేదా? ఎందుకు ముడుచుకోదు! కానీ చెట్టు నిలిచింది. ఆ కొమ్మల మీదే కూన ఎగరడం నేర్చుకుంది. డాక్టరమ్మ అప్పుడప్పుడూ దూదిపుల్లలు పట్టుకొస్తే, గబ్బిలాలన్నీ వరసగా నోళ్ళు తెరిచేవి. ఒక ఏడు వాటి ఉమ్మిలో కొత్త పోలికల పురుగు కనబడింది. అది ఊళ్ళో అడుగు పెట్టకముందే ఊరంతా జాగ్రత్త పడింది. ఒక్క పిల్లకీ ఒళ్ళు వెచ్చబడలేదు.

ఆ ఏడే ఒక రోజు సాయిలు చెట్టు కింద ఆగి తలెత్తాడు. "నీ బిడ్డ బాగుందా చెల్లీ?" అని అడిగాడు.

"బాగుందన్నా. మరి నీ బిడ్డ?" అంది రెక్కలమ్మ.

నీతి: జబ్బు ఎక్కడ పుట్టిందో దాచకూడదు. తెలిశాక పగ పట్టకూడదు. అది వచ్చే దారిని మూయాలి.